ఖాళీ గాజుపలక

"చేతులుండాలి బాబూ, చేతులు!" అన్నాడు ప్రయోగశాల పెద్దాయన సోమవారం మీటింగులో, బల్ల చివర కూచున్న, అందరూ నత్త అని పిలిచే మనిషి వైపు కన్నెత్తి చూడకుండానే. "బుర్ర అందరికీ ఉంటుంది. ఈ పనికి కావలసింది చేతులు. అదిగో, ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి."

ఆ అమ్మాయి తల దించుకుంది. పొగడ్తకి సిగ్గుపడిందని అందరూ అనుకున్నారు. సిగ్గూ కాదు, పాడూ కాదు, చిరాకు. పొగడదలుచుకుంటే పొగడొచ్చు, పక్కవాణ్ణి చితకబాది మరీ పొగడాలా? అయినా నోరు విప్పి ఒక్క మాట అనలేదు. మీటింగు అయిపోయి, అందరూ కుర్చీలు జరుపుకుని లేచేదాకా ఆ అనాల్సిన మాట గొంతులోనే గింజుకుంటూ ఉండిపోయింది.

ప్రయోగశాలలో ఆమెని టంకాలమ్మ అంటారు. నమూనాకి తీగలు అతికించడానికి మిగతావాళ్ళు వెండి పూత వాడతారు, ఆమె పెన్సిలంత సన్నటి సాల్డరింగు కడ్డీతో టంకం వేస్తుంది. మొదట్లో ఆ పేరు వెక్కిరింతకే పెట్టారు. ఆమె అతికించిన నమూనాలు ఒకదాని వెనక ఒకటి సున్నాకి పడటం మొదలయ్యాక అదే బిరుదైపోయింది.

నత్త పేరు మాత్రం మొదట్నించీ వెక్కిరింతే. ఆమె కంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నాలుగు వెంట్రుకలున్న కుంచెతో వెండి పూత అద్ది, అది ఆరేదాకా కదలకుండా కూచుంటాడు. ఆరాక మైక్రోస్కోపులో చూసి, నచ్చకపోతే తుడిచేసి మళ్ళీ అద్దుతాడు. ఇంత చేసినా ఆయన నమూనాలు సున్నాకి పడలేదు. ఒక్కటంటే ఒక్కటీ పడలేదు.

వాళ్ళ పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి నరకం. పెన్సిలు ముల్లులో ఉండే పదార్థాన్నే, ఒక్క అణువు మందాన పొరలు పొరలుగా విడదీస్తే గ్రాఫీన్. ఆ పొరల్ని మళ్ళీ పేర్చి నల్లటి రేకులా నొక్కుతారు. కాల్షియం ముక్కలతో పాటు ఉక్కు గొట్టంలో బిగించి కొలిమిలో పెడతారు. కాల్షియం అణువులు పొరల మధ్యకి దూరి, తమ ఎలక్ట్రాన్లని వాటికి ధారపోస్తాయి. అలాంటి రేకుని ద్రవ హీలియం చలిలోకి దించితే, ఒక చోట కరెంటుకి అడ్డనేదే లేకుండా పోవాలి. నిరోధం సున్నా కావాలి. టంకాలమ్మ రేకులు ఏడు డిగ్రీల దగ్గర పడుతున్నాయి. మనం ఎరిగిన ఏడు కాదు, ఇక అంతకన్నా చల్లబడటానికి వీల్లేని చోటు నుంచి లెక్కపెట్టే ఏడు.

"మేం సున్నా తెస్తే మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు, నువ్వు సున్నా తెస్తే చప్పట్లు కొడుతున్నారా! ఇదేం చదువమ్మా?" అని మొదటిసారి వినగానే ఆమె బావ అన్నాడు. లిఫ్టులు బాగుచేసే బావకి ఆ జోకు ఇప్పటికీ పాతబడలేదు.

శుక్రవారం నిధులిచ్చే సంస్థ నుంచి పరిశీలకులు వస్తున్నారు. వాళ్ళ కళ్ళ ముందు గీత సున్నాకి పడాలి. పడితే ప్రయోగశాలకి ఒకే ఒక్క పర్మనెంటు ఉద్యోగం మంజూరవుతుంది. అది టంకాలమ్మకేనని పెద్దాయన నోటితో చెప్పేశాడు. అదే రోజుతో నత్త కాంట్రాక్టు గడువు తీరిపోతుంది, పొడిగించేది లేదని కూడా చెప్పేశాడు.

మధ్యాహ్నం నత్త బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"సారీ అన్నయ్యా."

"నువ్వేం చేశావమ్మా?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే."

ఆయన నవ్వబోయి మానేశాడు. "ఆయనన్నదాంట్లో తప్పేముంది? అదే రేకు, అదే కాల్షియం, అదే కొలిమి. నీకొస్తోంది, నాకు రావట్లేదు. ఇంక చేతులు కాక ఏంటి? ఇంటికెళ్ళి సూదిలో దారం ఎక్కిస్తూ కూచుంటున్నా, వణుకుతున్నాయేమో చూద్దామని. మా ఆవిడ నవ్వుతోంది, బట్టలు కుట్టే కొట్టు పెడతావా అని."

"వణికాయా?"

"వణకలేదు. అదే అర్థం కావట్లేదు." సొరుగు మూశాడు. "గ్లవ్‌బాక్సులో నావి రెండు పెట్టెలున్నాయి. పారెయ్యి. నీకు చోటు కలిసొస్తుంది."

*

పారెయ్యడానికే వెళ్ళింది మంగళవారం పొద్దున. గ్లవ్‌బాక్సంటే గాలి జొరబడని పెద్ద గాజుకిటికీ పెట్టె. కాల్షియం ఎక్కిన రేకుకి గాలి తగిలిందా, చూస్తుండగానే పాడైపోతుంది. అందుకని పనంతా ఆర్గాన్ వాయువు నిండిన ఆ పెట్టెలోనే, గోడకి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి భుజాల దాకా చేతులు దూర్చి చెయ్యాలి. వేళ్ళు వేళ్ళలా ఉండవు. ముక్కు దురద పెడితే గోక్కోడానికి లేదు.

నత్త పెట్టెలు మూల పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ పెట్టె మూత తీసింది. లోపల నల్లటి రేకు, అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. ఇంత శుభ్రమైన రేకు ఆమె కూడా ఎప్పుడూ చెయ్యలేదు. పారెయ్యడానికి మనసొప్పలేదు. పోనీ దీనికి నేనే టంకం వేసి చూస్తే? పడిందనుకో, రేకు మంచిదే, అతుకులే బాగాలేవని తేలుతుంది. "సార్, ఆయన చేసిన రేకు పడింది చూడండి" అని పెద్దాయన ముందు పెట్టొచ్చు. సోమవారం మింగేసిన మాటకి బదులుగా ఇదైనా చెయ్యొచ్చు.

గోరంత గాజుపలక తీసింది. దాని మీద నాలుగు సన్నటి బంగారు గీతలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మీద రేకు పరిచి, ఒక్కో గీత దగ్గర ఒక్కో టంకం చుక్క వేసి, ఒక్కో తీగ అతికించాలి. బయటి రెండు తీగల్లో కరెంటు పంపిస్తారు, లోపలి రెండిటి మధ్య కొలుస్తారు. ఇలా కొలిస్తే అతుకు ఎలాంటిదైనా లెక్కలోకి రాదని పుస్తకాలన్నీ చెబుతాయి. ఊపిరి బిగబట్టి కడ్డీ కొన తాకించింది. టంకం మెరిసి, చుక్కగా ఆగి, మసకబారింది. నాలుగూ ఒక్క దెబ్బలో కుదిరాయి. ఇదే నత్తకైతే సాయంత్రం అయ్యేది, పాపం.

పలకని చిన్న రాగి డబ్బాలో బిగించి, పొడుగాటి ఉక్కు కడ్డీ చివర మర తిప్పి, హీలియం పీపా మూతిలోకి దించింది. తెల్లటి పొగ బుసబుసమంటూ వచ్చింది. వేలెడు దించడం, ఆగడం, తెర చూడడం. మళ్ళీ వేలెడు. కడ్డీ పైభాగం మీద మంచు పేరుకుంటోంది. తెర మీద గీత బద్ధకంగా దిగుతూ, ఏడు డిగ్రీల దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా నిట్టనిలువునా పడిపోయింది. సున్నా.

"అమ్మయ్య!" అనేసింది పైకే.

అప్పటికే నత్త ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమెకి కాలు నిలవలేదు. అక్క పిలిచి కూరగాయలు తరగమంటే సగం తరిగి లేచి కిటికీ దగ్గర నిలబడింది.

"ఏమైందే?" అంది అక్క. ఏడో నెల, కూచుంటే లేవలేదు, లేస్తే కూచోలేదు. ఇల్లు చూస్తే రెండు గదులు. చెల్లెలికి ఉద్యోగం వస్తే క్వార్టరు ఇస్తారని, ఇప్పుడు ఆమె ఉంటున్న గది బిడ్డకి వస్తుందని అక్క ఎప్పుడూ పైకి అనదు. ఆ గది గోడ కొలతలు మాత్రం బావ చేత తీయించింది.

"మంచే జరిగిందక్కా. రేపు ఒకాయనకి చెప్పాలి."

*

బుధవారం నత్త మెట్ల మీద కనిపించాడు, చేతుల్లో అట్టపెట్టెతో. ఆమె రెండేసి మెట్లు దూకుతూ ఎదురెళ్ళింది.

"అన్నయ్యా, పడింది! నీ రేకు పడింది! నేను టంకం వేసి చూశా. నీ చేతులకేం కాలేదు, ఆ దిక్కుమాలిన వెండి పూతదే తప్పు!"

ఆయన అట్టపెట్టె మెట్టు మీద పెట్టాడు. మొహం విప్పారింది. "ఎక్కడ పడింది?"

"ఏడు దగ్గర. అచ్చం నావి పడ్డ చోటే."

"ఏ పెట్టెలోది?"

"ఎడమ పక్కది."

విప్పారిన మొహం అలాగే ఆగిపోయింది. "ఎడమ పెట్టెలోదా? సరిగ్గా చూశావా?"

"చూశా. ఏం?"

"అది ఉత్త రేకమ్మా. పోలిక కోసం పక్కన పెట్టుకున్నా. దాంట్లో కాల్షియం వెయ్యలేదు. కొలిమిలోనే పెట్టలేదు."

లోహం చేరని ఉత్త గ్రాఫీన్ రేకు సున్నాకి పడదు. పడనే పడదు. అది వాళ్ళిద్దరికే కాదు, ఆ భవనంలో ఎవర్ని అడిగినా చెబుతారు. పడిందంటే పడింది రేకు కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. సీసం కలిసిన టంకం కూడా ఏడు డిగ్రీల దగ్గరే సున్నా అవుతుంది. ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలిసినా, అతుకు లెక్కలోకి రాదు కదా అన్న ధీమా. పైగా కాల్షియం ఎక్కించిన గ్రాఫీన్ కూడా ఆ దరిదాపుల్లోనే పడాలని అందరూ ఎదురుచూస్తున్నారాయె.

"టంకమా?" అంది.

నత్త అట్టపెట్టె ఎత్తుకోలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వుతాడేమో, ఓదారుస్తాడేమో అనుకుంది. ఆయనకి కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన కోపం చూడటం ఆమెకి అదే మొదలు.

"ఏడాదిగా నాకు రావట్లేదు. రావట్లేదంటే రావట్లేదు, అదీ ఒక ఫలితమేనని రెండుసార్లు చెప్పా సార్‌కి. వినలేదు. చివరికి నేను కూడా ఆయన మాటే నమ్మాను. నా చేతుల్ని నేనే అనుమానించుకున్నా. డాక్టరు దగ్గరకి కూడా వెళ్ళొచ్చానమ్మా, నరాల జబ్బేమోనని. ఒక్కసారి, ఒక్కసారి నువ్వు ఖాళీ పలక మీద టంకం వేసి చూసి ఉంటే!"

ఖాళీ పలక కొలవాలని చదువు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. సున్నా వస్తుంటే ఎవరికి గుర్తుంటుంది?

*

గురువారం పొద్దున్నే ఖాళీ పలక తీసింది. రేకు లేదు, కాల్షియం లేదు. నాలుగు బంగారు గీతలు, నాలుగు టంకం చుక్కలు, నాలుగు తీగలు. చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి, అదే ఆమె ఒళ్ళు మండించింది. కడ్డీ దించింది. మధ్యలో ఒకసారి ఆగి, గది చివరి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. పడకు, పడకు అని గీతని బతిమాలుకుంది. ఇన్నాళ్ళూ పడు, పడు అని బతిమాలిన మనిషే.

పడింది. ఏడు దగ్గర, నిట్టనిలువునా.

పలకని బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. టంకం సన్నటి పాయగా ఒక బంగారు గీత మీంచి పక్క గీత మీదికి పాకి, నాలుగిటినీ కలిపేసింది. తర్వాత, గాలికి పాడైతే పాడవనీ అని తన పాత నమూనాల్లో బాగా పడ్డవి రెండు తీసి, ఈసారి పలకల్ని బోర్లా తిప్పి గాజులోంచి చూసింది. రెండిట్లోనూ నల్లటి రేకు కింద అదే పాయ, తళతళలాడుతోంది. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా పలకని తిరగేసి చూసిన పాపాన పోలేదు.

పెద్దాయన గదిలోకి వెళ్ళి ఉత్త రేకుదీ, ఖాళీ పలకదీ, రెండు గీతల కాగితాలూ ముందు పెట్టి, టంకం పాకిన సంగతి చెప్పింది. చెడ్డవాడు కాదాయన. ఈ పని మీదే జుట్టు నెరిసింది. వేళ్ళతో బల్ల మీద కొట్టుకుంటూ అడిగాడు:

"ఖాళీ పలక కొలవమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"ఒకటి రెండు పలకల్లో పాకితే అన్నిట్లోనూ పాకినట్టేనా?"

"నేను చూసినవాటిలో పాకింది సార్. మిగతావి ఒక్కోటీ చూడాలి."

"చూద్దాం. తప్పకుండా చూద్దాం. అయస్కాంతంతో పరీక్షించే యంత్రం వచ్చే నెల మన వంతుకొస్తుంది, అందులో తేలిపోతుంది." కాగితాలు బోర్లించి ఆమె వైపు తోశాడు. "రేపు మాత్రం బాగా పడేది ఒకటి దించు. వాళ్ళు సంతకం పెట్టకపోతే ఇక్కడ దీపం పెట్టే దిక్కుండదు. నీ ఉద్యోగమూ ఉండదు. అర్థమైందా అమ్మాయ్?"

"అన్నయ్య సంగతి సార్?"

"ఎవరు? ఓ, ఆయనా. పాపం, మంచివాడే." టెలిఫోను అందుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నీ చెప్పేసింది. బావ చెంచా పక్కన పెట్టి విన్నాడు, జోకు వెయ్యలేదు. అక్కే మాట్లాడింది.

"నువ్వు దొంగతనం చేశావా ఏంటి? తెలియక జరిగింది. రేపొక్కరోజు నోరుమూసుకుని గడిపెయ్యవే తల్లీ. ఉద్యోగం చేతికొచ్చాక నువ్వే నిదానంగా సరిదిద్దుకోవచ్చు. ఎవరికి నష్టం?"

"అప్పటికి ఆయన ఉండడక్కా. చేతకానివాడని ముద్ర వేసి పంపేస్తున్నారు. ఆ ముద్రతో ఇంకెక్కడ తీసుకుంటారు?"

"ఆయన నీకేమవుతాడు?"

"ఏమీ అవడు."

"మరి నేనేమవుతాను?" అంది అక్క. అనేసి, మొహం తిప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. టంకాలమ్మకి అక్క మీద కోపం రాలేదు, అదొక కష్టం. వచ్చుంటే తేలిగ్గా ఉండేది.

*

శుక్రవారం పరిశీలకులు ముగ్గురొచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ కుర్చీలో కూచోలేదు, పీపా దగ్గరే నిలబడింది. నత్తని ఎవరూ పిలవలేదు. కొలిమి గది తాళాలు అప్పజెప్పడానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడిపోయాడు.

టంకాలమ్మ ముందు పళ్ళెంలో రెండు రాగి డబ్బాలున్నాయి. ఒకదాంట్లో బాగా పడే పాత నమూనా. ఇంకోదాంట్లో ఖాళీ పలక. ఖాళీది ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలీదు. రాత్రి తీసుకున్న నిర్ణయం పొద్దున్నే మారింది, బస్సులో మళ్ళీ మారింది. చెయ్యి మంచి డబ్బా మీదికే వెళ్ళింది. అంతలో పెద్దాయన గొంతు వినిపించింది.

"ఇక్కడ ఇంకొకరు కూడా ఏడాది పాటు ప్రయత్నించారండీ. ఏం లాభం? చేతులు లేవు."

ఖాళీ డబ్బా తీసి కడ్డీకి బిగించింది.

దించుతుంటే కళ్ళన్నీ తెర మీదే ఉన్నాయి. వేలెడు, వేలెడు. పొగ లేచింది. పడగానే చెప్పేద్దామనుకుంది. గీత పడింది. మగవాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆమె కడ్డీని అలాగే పట్టుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అంతా అయిపోతుంది, అక్క నవ్వుతుంది.

"ఒకసారి పైకి లాగి మళ్ళీ దించు తల్లీ," అంది పెద్దావిడ.

లాగింది, గీత లేచింది. దించింది, పడింది.

"ఏం పడటం! అదండీ చేతి చలవ," అన్నాడు పెద్దాయన.

"సార్, ఒక్క నిమిషం."

కడ్డీ మొత్తం బయటికి లాగింది. మందపాటి చేతితొడుగులతో మంచు తుడిచి, గది వేడికి వచ్చేదాకా పట్టుకుని నిలబడింది. ఎవరికీ అర్థం కాక చూస్తున్నారు. డబ్బా మర విప్పి, పలకని అరచేతిలో వేసుకుని పెద్దావిడకి అందించింది. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, పలకని కంటి దగ్గరగా పెట్టుకుంది.

"ఇందులో గ్రాఫీన్ ఏదమ్మా?"

"లేదండీ. ఉత్త గాజు. సున్నాకి పడింది నా టంకం. నా నమూనాల్లో విప్పి చూసినవాటిలో కూడా అదే పడింది. మిగతావాటి మీద నాకు నమ్మకం లేదు."

పెద్దాయన మొహం చూడలేక ఆమె నేల చూసింది. ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయిందని తెలుసు, అక్క గది పోయిందని తెలుసు. అయినా నాలుగు రోజులుగా ఒంట్లో పట్టుకున్న ఆ గింజులాట ఆగింది.

పెద్దావిడ పలకని తిప్పి తిప్పి చూసి, ఆమె చేతిలో పెట్టింది. "టంకం లేకుండా చేసినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

"అవన్నీ విఫలమైన ప్రయోగాలండీ, ఇప్పుడెందుకు," అన్నాడు పెద్దాయన.

"నాకు అవే కావాలి."

టంకాలమ్మ తలుపు వైపు చూపించింది. "ఆయనండీ. వెండి పూతతో చేస్తారు. ఎంతో ఓపిగ్గా చేస్తారు."

అందరూ అటు తిరిగారు. నత్త చేతిలో తాళాలు ఇంకా ఎవరూ తీసుకోలేదు.

"మీకు సున్నా వచ్చిందా?" అని అడిగింది పెద్దావిడ.

"రాలేదండీ."

"ఎన్నిసార్లు రాలేదు?"

నత్త పెద్దాయన వంక చూడలేదు. టంకాలమ్మ వంక ఒక్క క్షణం చూశాడు.

"ప్రతిసారీ రాలేదండీ," అన్నాడు.

పెద్దావిడ పొద్దున్నుంచీ ముట్టుకోని కుర్చీ లాక్కుని కూచుంది. "అయితే మొదటిసారి నుంచి చెప్పండి," అంది.